ఎడమ పక్క బుడగలు

కరీంనగర్,
28 అక్టోబర్ 1994

ప్రియమైన హనుమండ్లు బావకు, నీ బామ్మర్ది లచ్చయ్య నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. దసరాకు నువ్వూ బాలలక్ష్మి అక్కా ఆసిఫాబాద్ నుంచి వచ్చి నాలుగు రోజులుంటే ఇల్లు నిండుగా ఉండింది. మీరు పోయినప్పటి నుంచి నన్ను ఎక్కిరించేవాళ్లు లేరు. ప్రాణానికి హాయిగానే ఉంది కానీ అన్నం సయించడం లేదు.

కార్ఖానాలో పూజనాడు నా మిషన్ చూసి, "నిప్పు లేదు, బంక లేదు, గిదేం అతుకుడు, కనికట్టా?" అని నలుగురి ముందు అడిగావు. ఆ హడావుడిలో జవాబు చెప్పలేదు. ఇప్పుడు విను. మేం చేసేది రక్తం ఎక్కించే సెట్టులో ఉండే చిన్న డబ్బీ. బొటనవేలంత ఉంటుంది. రెండు ప్లాస్టిక్ చిప్పలు, మధ్యన సన్న జల్లెడ. నా పక్కన కూర్చునే చంద్రవ్వ ఆ మూడింటినీ జతచేసి మిషన్ పీట మీద పెడుతుంది. నేను మీట ఒత్తుతాను. పైనుంచి లోహపు కడ్డీ దిగి డబ్బీని అదుముతుంది. దానికి ఏదో ఇంగ్లిష్ పేరుంది గానీ మేం రోకలి అంటాం. ఆ రోకలి సెకనుకు ఇరవై వేల సార్లు వణుకుతుందట. కంటికి కనిపించదు. ఆ వణుకుకు రెండు చిప్పల అంచులూ రాసుకుని, కరిగి, ఒకటైపోతాయి. అరచేతులు రుద్దుకుంటే వేడి పుట్టదా, అట్లాగే. అర సెకను పని. బంక వాడితే రక్తంలో కలుస్తుంది కాబట్టి వాడరు.

ఇంత పాఠం ఎందుకంటే, నా ఉద్యోగానికి ఎసరు వచ్చింది బావా.

అతికిన డబ్బీలను నీళ్ల తొట్టిలో ముంచి గాలి ఊది చూస్తాం. ఇదివరకు నూటికి ఒకటో రెండో బుడగలు వదిలేవి. దసరా తర్వాత ముప్పైకి తక్కువ లేవు. నిన్న యజమాని జలపతిరావు సారు మా ఇద్దరినీ పిలిచారు. "గిది రక్తమెక్కే సామాను. అతుకు సక్కగ లేకుంటె లోపటికి గాలి పోతది, మనిషి పోతడు. పెట్టే చెయ్యన్న తప్పు జేస్తుంది, ఒత్తే చెయ్యన్న తప్పు జేస్తుంది. కార్తీక పున్నం దాక చూస్త. ఎవలదైతె వాళ్లు ఇంటికి పోవాలె" అన్నారు.

ఒత్తే చెయ్యి నాది. మూడేళ్లుగా అదే మీట, అదే వేలు. అది తప్పు చేయదు. మరి మిగిలింది పెట్టే చెయ్యి. చంద్రవ్వ తమ్ముడు రాజం దుబాయి నుంచి తిరిగొచ్చి ఖాళీగా ఉన్నాడు. "మా రాజంకు జర ఏదన్న పని సూడుండ్రి సారూ" అని దసరా ముందర ఆమె అడగడం నా చెవులారా విన్నాను. ఖాళీ లేదన్నారు సారు. లేని ఖాళీ ఒకటి పుట్టించాలంటే నా పక్కన కూర్చున్న మనిషికి ఎంతసేపు పడుతుంది?

నాకు నలభై ఆరు. ఇక్కడి నుంచి వెళ్లగొడితే ఇంకెవరు పెట్టుకుంటారు? నీకు తోచింది రాయి.

నీ మాట కోసం చూసే
లచ్చయ్య


ఆసిఫాబాద్,
4 నవంబర్ 1994

ప్రియమైన బామ్మర్ది లచ్చయ్యకు, సైకిల్ షాపు ఓనరు, గుమాస్తా, పంచర్లేసేటోడు, ముగ్గురం కలిసి రాస్తున్నం. ముగ్గురం నేనే.

నీ ఉత్తరం మీ అక్కకు సదివి వినిపిచ్చిన. "మా తమ్ముడు రేడియో వార్తల తీరు రాస్తడు" అని మురిసిపోయింది. ఎదురుంగ మాట్లాడితె నువ్వు మనిషివే లచ్చయ్యా, కాయితం ముంగట కూసుంటె కలెక్టరువైతవు.

అరచేతులు రుద్దితె వేడి పుడుతదంటివి. ఒప్పుకుంట. యాభై ఆరేండ్ల సంది రుద్దుతున్న, ఒక్కసారి గూడ రెండు చేతులు అతుక్కోలే. గట్ల అతుక్కుంటె చలికాలంల సగం ఆసిఫాబాద్ దండం పెట్టుకుంటనే తిరుగు.

గని నీళ్ల తొట్టి, గాలి, బుడగలు అంటివి సూడు, గది మాత్రం నా ఇలాఖ. ట్యూబు పంచరైతె నేను ఎవలు చేసిండ్రని అడుగ. ఏడ పడ్డదని అడుగుత. ముల్లు దొరుకకున్న, ఏ దిక్కుకెల్లి వచ్చిందో దొరుకుతది. నువ్వు గట్లనే చెయ్యి. పీట మీద పెట్టినంక డబ్బీకి నీ దిక్కున్న మొకం మీద పెన్సిల్ గీత గియ్యి. తొట్టిల ముంచినప్పుడు బుడగ ఏ పక్కకెల్లి వస్తుందో చూడు. నాలుగు దిక్కులకెల్లి వస్తె మిషన్ ముసల్దయిందని తెలుసుకో. ఒక్క దిక్కుకెల్లే వస్తె మనిషి చెయ్యి ఉన్నట్టు.

చంద్రవ్వ సంగతి నువ్వు రాసింది నాకు నిజమే అనిపిస్తుంది. తమ్ముని కోసమని అక్క ఏమన్న చేస్తది. మీ అక్కతోని ముప్పై ఏండ్లు కాపురం చేసినోన్ని, నాకు తెల్వదా? ఆమె చేతుల మీద కన్ను పెట్టు. చూస్తున్నట్టు మాత్రం తెల్వనియ్యకు. నీ మొకం అసలే పోలీసు పటేలు మొకం.

మీ అక్క దినాం ఒక్కటే అడుగుడు: "లచ్చయ్య చేతులు మంచిగున్నయని రాసిండా?" లీకులున్నయని రాసిండే, చేతులున్నయి కాబట్టే రాసిండే అంటె కోపం చేస్తది. జర చేతుల సంగతి గూడ ఒక ముక్క రాయి, నాకు రెండు పూటల బువ్వ దొరుకుతది.

ముగ్గురి తరఫున
హనుమండ్లు


కరీంనగర్,
9 నవంబర్ 1994

ప్రియమైన బావకు నమస్కారాలు.

ముందుగా అక్కకు: నా చేతులు పదివేళ్లతో క్షేమంగా ఉన్నాయి.

నువ్వు చెప్పినట్టే పెన్సిల్ గీతలు గీశాను. రెండు రోజుల్లో డెబ్బై ఒక్క డబ్బీలు బుడగలు వదిలాయి. డెబ్బై ఒక్కటీ ఎడమ పక్కనే. కుడి పక్క ఒక్కటి లేదు. చంద్రవ్వ కూర్చునేది మిషన్‌కు ఎడమ పక్కన. పెట్టేది ఎడమ చేత్తో. నాకింక అనుమానం లేదు.

చూస్తున్నట్టు తెలియనీయకు అన్నావు గానీ, ఆమె బీడీలు చుట్టిన మనిషి. వేళ్లు పనిలో ఉంటే కళ్లు ఊరంతా తిరుగుతాయి. మూడో రోజే పట్టుకుంది.

"ఏంది లచ్చన్నా, నా చేతులకు గోరింటాకు పెట్టినవా, గట్ల చూస్తున్నవ్?"

"ఏం లేదు. నువ్వు పెట్టుడు జర ఒంకరగున్నట్టుంది."

"ఒంకర నా పెట్టుట్ల లేదు, నీ చూపుల ఉన్నది. పదేండ్లు బీడీలు చేసిన. ఆకు ఒంకర కత్తిరిచ్చిన్నని ఒక్కనాడు మాటవడలే."

ఆ మాటకు తొట్టి దగ్గరున్న ఆడవాళ్లంతా నవ్వారు. నాకు మండింది. సాయంత్రం సారు దగ్గరికి పోయి, ఎడమ పక్క సంగతి, రాజం సంగతి రెండూ చెప్పాను. సారు లేచి మిషన్ దగ్గరికి వచ్చారు. "పీట ఎవలన్న కదిలిచ్చిండ్రా? బొంబాయి ఇంజనీరు వెంట్రుకవాసి తేడా లేకుండ పెట్టిపోయిండు, బోల్టుల మీద ఎర్రరంగు గుర్తు ఏసిండు. అది ఇప్పితె నాకు చెప్పి ఇప్పాలె" అన్నారు.

"ఎవలు ముట్టలే సారూ. ఎర్రరంగు అట్లనే ఉన్నది" అన్నాను.

బావా, నీకు తెలుసు, నాకు తెలుసు. పూజకు నల్లటి జిడ్డుతో పీటను అమ్మవారి ముందు ఎట్లా పెడతామని బోల్టులు విప్పి కడిగింది నేనే. మళ్లీ గట్టిగానే బిగించాను. ఎర్రరంగు పోతే అక్క తిలకం సీసా అడిగి బోల్టు బోల్టుకూ బొట్టు పెట్టాను. సారు వంగి చూసి, సరే అన్నారు. అది తిలకమని నువ్వెక్కడా అనకు. కడిగితే పీట పాడవుతుందా? దాన్ని పట్టుకుని సారు నా మెడ విరుస్తారు, అసలు దొంగ తప్పించుకుంటుంది.

పున్నమికి ఇంకా తొమ్మిది రోజులుంది. నాకు నమ్మకం కుదిరింది.

లచ్చయ్య


(కార్డు)

ఆసిఫాబాద్,
14 నవంబర్ 1994

లచ్చయ్యా,

కార్డు మీద ఎక్కువ రాయ. పోస్టుమాన్ నాకంటె ముందే సదువుతడు.

చంద్రవ్వ మీద ఇంకేం చెప్పకు. చెప్పింది చాలు. సారును రెండు రోజులు ఆగుమను. నువ్వు ఒక్కసారి పీట ఇప్పి కింద చూడు. ఎందుకని అడుగకు.

హనుమండ్లు


కరీంనగర్,
20 నవంబర్ 1994

బావకు,

నీ కార్డు పదిహేడో తారీఖున అందింది. సారు పున్నమి దాకా కూడా ఆగకుండా చంద్రవ్వను పదిహేనో తారీఖునే పంపించేశారు.

పోయేటప్పుడు ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తన జాగా తుడిచి, మిగిలిన చిప్పలు ఒక డబ్బాలో, జల్లెడలు ఒక డబ్బాలో వేరువేరుగా పెట్టింది. తర్వాత నా దిక్కు తిరిగి, "నా తమ్ముడు దుబాయికెల్లి ఉత్తచేతులతోని వచ్చిండు గని, ఒకల బువ్వ గుంజుకునేటోడు గాదు లచ్చన్నా. గా మాట సారుకు చెప్పక నాకు చెప్తె నేనే నీకు సమజు చేస్తుంటి" అన్నది. నేను పైనున్న రోకలిని చూస్తూ నిలబడ్డాను.

ఆ రోజు నుంచి ఆమె పని కూడా నేనే చేస్తున్నాను. జతచేసేది నేను, పీట మీద పెట్టేది నేను, మీట ఒత్తేది నేను. మధ్యలో ఇంకొక మనిషి చెయ్యి లేదు.

ఐదు రోజులైంది. నూటికి ముప్పై. ఎడమ పక్కనే.

బావా, రాత్రి పగలు అదే సోయి. నేను ఒక మనిషి ఉసురు పోసుకున్న. సారుకు మొకం చూపెట్టలేక పోతున్న. ఇయ్యాల పొద్దున తొట్టి కాడికొచ్చి చూసిండు, నా దిక్కు ఒక్కసారి చూసి పోయిండు. గా చూపు నేను చంద్రవ్వను చూసిన చూపే.

నాకు ఇంకొకటి సమజైతలేదు. పీట ఇప్పుమని నువ్వెందుకు రాసినవ్? కింద ఏం చూడాలె? నేను కడిగి పెట్టిన పీట కింద ఏముంటది? ఎందుకని అడుగకు అంటివి. ముప్పై ఏండ్లల్ల నువ్వు జోకు లేకుండ రాసిన మొదటి కార్డు గది. జోకు లేకుంటె నీకు ఏదో తెల్సినట్టే.

పీట ఇప్పుదామంటె భయమైతుంది. ఇప్పితె తిలకం సంగతి బయటపడుతది. ఇప్పకుంటె ఇంకేం బయటపడుతదో నీకే తెల్వాలె.

నీకేం తెల్సు బావా? దాచకు. ఇగ నిన్ను గూడ అనుమానించే కాడికి తెచ్చిండు దేవుడు.

లచ్చయ్య


ఆసిఫాబాద్,
23 నవంబర్ 1994

ప్రియమైన లచ్చయ్యకు,

నీ అనుమానం కరెక్టే. గిన్ని దినాల సంది నువ్వు వెతికినోడు ఆసిఫాబాద్ల పంచర్లేస్తుండు.

పీట కింద కుడి పక్క ఒక రాగిరేకు ఉంటది. నాలుగు మడతలు పెట్టింది, గోరంత. మీ అక్క వేములవాడకు పోయినప్పుడు ఒక అయ్య దగ్గర రాయించుకున్నది. మిషన్ కింద పెడితె ఆపద రాదని చెప్పిండట. పూజనాడు నువ్వు పీట కడిగి, దాని జాగల పెట్టి, బోల్టులు బిగియ్యకముందే కొబ్బరికాయలు తెస్తనని పోతివి. మీ అక్క కొంగుముడి ఇప్పి నా చేతుల పెట్టింది. "నవ్వుతరే, నేనా పెట్టేది?" అన్న. "మా బాపు వేళ్లు భైంసా పత్తి జిన్నింగు మిల్లుల పోయిన్నాడు ఎవలు నవ్వలే" అన్నది. మీ బాపు కుడిచెయ్యి నువ్వు చిన్నప్పటి సంది చూసిందే. మూడు వేళ్లు లేవు. నువ్వు అప్పటికి చంటిపిల్లగానివి. తొమ్మిదేండ్ల పిల్ల, ఆ దినం సంది బాపుకు బువ్వ కలిపి తినిపిచ్చింది మీ అక్కనే. నీ రోకలి పైకెల్లి దిగుడు చూసినంక ఆమెకు కరీంనగర్ల నాలుగు రోజులు నిద్ర లేదు. నేను ఇంకేమంట? కుడి పక్క అంచు లేపి లోపటికి దోపిన. నువ్వు వచ్చి బిగిచ్చి, రంగు పోయిన కాడ తిలకం బొట్లు పెట్టినవ్.

నాకు గా దినం ఏం తెల్వది. మంచం కోడు కింద పెంకుముక్క పెట్టినట్టు, కుడి పక్క లేస్తె రోకలి కుడి పక్కనే ఒత్తుతది, ఎడమ పక్క ఒత్తుడు అందదు. అది నువ్వు డెబ్బై ఒక్కటి ఎడమ పక్కనే అని రాసిన ఉత్తరం సదువంగనే తెల్సింది.

ఆ ఉత్తరం నాకు పన్నెండో తారీఖు పొద్దున అందింది. తెలిగ్రాం ఇస్తె సాయంత్రానికి నీకు చేరు. నేను ఇయ్యలే. రెండు రోజులు కాయితం ముంగటేసుకోని కూసున్న. ఈ ఊర్ల తాయెత్తు కట్టుకున్నోన్ని, దిష్టి తీసుకున్నోన్ని ఒక్కన్ని నేను ఇడువలే. షాపు ముంగట ఆపి మరీ ఎక్కిరిచ్చిన. అసొంటి నేను, మిషన్ కింద రేకు పెట్టిన్నని ఎట్ల చెప్పాలె? చివరికి కార్డు రాసిన. అది గూడ ఎందుకని అడుగకు అని రాసిన. నీకంటె సారు, సారు కంటె పోస్టుమాన్, అందరికంటె నాకు నా నవ్వే ఎక్కువైంది. గా రెండు రోజులల్ల చంద్రవ్వ పని పోయింది.

ఆమె మీద కన్ను పెట్టుమని నీకు చెప్పింది గూడ నేనే. ఆమెను నేను ఒక్కసారే చూసిన. పూజనాడు నాకు ప్రసాదం పెట్టింది. పలారం ఎక్కువ పెట్టిందని కూడ జోకు చేసిన. గంతే నాకు ఆమె సంగతి తెల్సింది. మిగిలిందంత నేను సైకిల్ కాడ కూసోని పుట్టిచ్చిన.

ఈ ఉత్తరం తీస్కపోయి జలపతిరావు సారు ముంగట పెట్టు. దస్కతు నాది, తప్పు నాది. నేను వచ్చి నిలబడాలంటె ఒక కార్డు రాయి, మొదటి బస్సు ఎక్కుత. మీ అక్కను మాత్రం ఎవలేమన్న అనొద్దు. ఆమెకు ఇంక చెప్పలే. చెప్పే ధైర్యం ఇయ్యాల రాలే.

ఒక్క ముక్క. బోల్టులు ఇప్పింది నువ్వని, తిలకం పెట్టింది నువ్వని ఈ ఉత్తరంల రాయకుండ ఉందామనుకున్న. పైన రాసేసిన. రాసినంక కొట్టేద్దామని పెన్ను ఎత్తిన, మళ్ల దించిన. ఇష్టముంటె నువ్వే చింపి, నీ మాటలతోని చెప్పు. నిన్ను ఆపేటోన్ని గాను, నెట్టేటోన్ని గాను.

సిగ్గుతోని
మీ బావ హనుమండ్లు


కరీంనగర్,
29 నవంబర్ 1994

ప్రియమైన బావకు నమస్కరించి,

నీ ఉత్తరం చింపలేదు. మొత్తం సారు బల్ల మీద పెట్టాను. ఆయన చదువుతుంటే నేను ఎదురుగా నిలబడి తిలకం సంగతి నోటితో కూడా చెప్పాను. సారు లేచి, పానా నా చేతికిచ్చి, అందరినీ మిషన్ దగ్గరికి పిలిచారు.

పీట లేపితే రేకు ఉంది. అదుముడుకు నున్నగా, తళతళ మెరుస్తోంది. సారు దాన్ని వేలికొన మీద పెట్టుకుని, "వెంట్రుకవాసి తేడా ఉండొద్దని బొంబాయోడు నెత్తి కొట్టుకున్నడు. వీళ్ల బావ ఏకంగ దేవున్నే దోపిండు" అన్నారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. సారు కూడా నవ్వు ఆపి, "మిషన్ పాడు చేసింది మీ బావ. మనిషిని పాడు చేసింది నువ్వు. పీట ఇప్పలేదని నాతోని అబద్ధమాడింది గూడ నువ్వే. నిన్ను ఉంచాల్నా పంపాల్నా చంద్రవ్వ చెప్తది. పా, ఆమె ఇంటికి పోదాం" అన్నారు.

ఆమె ఇంటి ముందు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. రాజం పక్కన ఆకు కత్తిరిస్తున్నాడు. సారు జరిగింది చెప్పారు. ఆమె చేయి ఆగలేదు.

"బీడీ మంచిగ రాకుంటె ఏరి బీడీనే పారేస్తరు సారూ. మనిషిని పారెయ్యరు. నేను ఈడనే ఉంట" అన్నది.

నేను, "తప్పయింది చంద్రవ్వా" అన్నాను.

"గిక్కడ అంటె ఎవలు ఇంటరు? నువ్వు చెప్పింది సారుకు, నవ్వింది ఊరు. గాడ, గా తొట్టి కాడ, అందరి ముంగట చెప్తె అప్పుడు చూస్త."

మరునాడు పొద్దున ఆమె వచ్చింది. లోపలికి రాకుండా వాకిట్లో నిలబడింది. పద్దెనిమిది మంది పని ఆపి నన్ను చూశారు. నేను నీళ్ల తొట్టి పక్కన నిలబడి చెప్పాను. రాజం కోసం నా జాగా ఖాళీ చేయిస్తోందని సారుకు చెప్పింది నేనేనని, అది నా కళ్లతో చూసింది కాదని, నా తలకాయలో పుట్టిందని, పీట విప్పి విప్పలేదన్నది నేనేనని. రాసుకుని పోయాను గానీ ఆ కాయితం చూడలేదు. పుస్తకం మాటలు ఒక్కటీ నోట్లోకి రాలేదు. అక్కడ అన్నం తినేటప్పుడు మాట్లాడే మాటలే వచ్చాయి.

చెప్పడం అయిపోయింది. చంద్రవ్వ చెప్పులు వాకిట్లో విడిచి, వచ్చి తన జాగాలో కూర్చుంది. రెండు చిప్పలు, జల్లెడ తీసి జతచేసి, ఎడమ చేత్తో పీట మీద పెట్టింది. నేను మీట మీద వేలు పెట్టాను. ఒత్తలేదు. ఉంచుతుందో పంపుతుందో ఆమె ఇంకా చెప్పలేదు కదా. చెప్పకుండా ఎట్లా ఒత్తేది?

ఆమె నా దిక్కు చూడలేదు. ఇంకో రెండు చిప్పలు చేతిలోకి తీసుకుంటూ అన్నది:

"ఒత్తు లచ్చన్నా. పని ఆగుతుంది."

నేను ఒత్తాను బావా.

లచ్చయ్య